గ్రౌండు గేటు తాళం ఎవరి దగ్గరుంది?

శ్రీకాకుళం జిల్లాలో ఆటస్థలాలతో ఏ కాస్త సంబంధమైనా ఉన్న అధికారులందరికీ, మా ప్రజాప్రతినిధులకీ, రోజూ మా గ్రౌండు పక్క నుంచే కార్లలో వెళ్ళే పెద్దలకీ,

నమస్కారం. మీకు తీరిక తక్కువని తెలుసు, అందుకే నేరుగా విషయానికొస్తాను.

వంశధారకి ఎంతో దూరం లేని ఒక మండల కేంద్రంలో, హైస్కూలు గ్రౌండుకి సరిగ్గా ఎదురుగా, నాకో జిరాక్స్ షాపు ఉంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఊరి తగువైపోతుంది, ఫలానా ఆయన మీద కంప్లయింట్ అయిపోతుంది, ఆయనకి ట్రాన్స్‌ఫరో మెమోనో వస్తుంది, గేటు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఈ ఉత్తరం చదివిన ఇంకో పది ఊళ్ళవాళ్ళు "ఇది మా గ్రౌండు కథే కదా" అనుకుంటారని నాకు నమ్మకం.

మా గ్రౌండు గేటు తాళం తీయమని పద్నాలుగు నెలల్లో ఐదు అర్జీలు పెట్టాం. నా షాపు కాబట్టి జిరాక్స్ ఖర్చు లేదు, ఆ మాటకొస్తే అదొక్కటే మాకు కలిసొచ్చింది. మూడో అర్జీ ఇచ్చిన ఇరవై రోజులకి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. నేను షాపులో కూర్చునే చదివాను. తలెత్తి చూస్తే ఎదురుగా గేటు, గేటుకి తాళం, తాళం మీద అప్పుడే వాలిన ఓ కాకి. పరిష్కారం ఎక్కడ జరిగిందో ఆ కాకినే అడగాలి.

కథ మొదటి నుంచీ చెప్పాలి. గ్రౌండు రెండెకరాల పైచిలుకు. మా చిన్నప్పుడు దానికి గోడ లేదు, రెండు వైపుల తుమ్మ చెట్లు, ఒక వైపు చెరువు గట్టు, ఇంకో వైపు రోడ్డు. గోడ లేకపోవడం వల్ల తూర్పు వైపు ఒక్కొక్క గజం లోపలికి జరిగింది. ముందు ఒక బడ్డీ, తర్వాత రేకుల షెడ్డు, తర్వాత ఆ షెడ్డుకి అరుగు. అందుకే కొన్నేళ్ళ కిందట కాంపౌండు వాల్ శాంక్షన్ అయిందంటే అందరికంటే ముందు సంతోషపడింది మేమే. పునాది తవ్విన రోజు కొబ్బరికాయ కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. గోడ వచ్చింది, గేటు వచ్చింది, ఆక్రమణ ఆగింది. ఆ తర్వాత గేటుకి తాళం వచ్చింది. ఇప్పుడు సాయంత్రం స్కూలు వదిలాక, ఆదివారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు, అంటే ఆడుకోవడానికి తీరిక దొరికే వేళలన్నిట్లో, గ్రౌండు మూసే ఉంటుంది.

తాళం వేసినవాళ్ళ మాటా చెప్పాలి, లేకపోతే అన్యాయం. రాత్రిపూట తాగి సీసాలు పగలగొట్టారు, కుళాయి విరగ్గొట్టారు, ఒకసారి మధ్యాహ్న భోజనం గిన్నెలు పోయాయి. అబద్ధాలు కావు. స్కూలు పెద్దాయన నాతో ఒకసారి అన్నారు, "రేపు లోపల ఏదైనా జరిగితే మిమ్మల్ని అడగరు బాబూ, నన్నే అడుగుతారు" అని. నిజమే, పాపం. ఆయన చోట నేనున్నా తాళమే వేసేవాడినేమో. కానీ ఆయన భయాన్ని తీర్చాల్సింది ఆయన పైవాళ్ళు. ఆ భయాన్ని తెచ్చి ఊరి పిల్లల మీద వేశారు.

ఇంకో మాట. ఆ తాళం అందరికీ తాళం కాదు. మీటింగులకి తీస్తారు. ఎగ్జిబిషన్‌కి తీస్తారు, జెయింట్ వీల్ పెట్టడానికి. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, ఆ రోజు తప్పకుండా తీస్తారు, పిల్లల చేత ర్యాలీ చేయించి, ఫోటో దిగి, మళ్ళీ వేస్తారు. పోయినసారి ఎగ్జిబిషన్ వాళ్ళు వెళ్ళిపోయాక రాటలు పాతిన గుంతలు అలాగే వదిలేశారు. మా కుర్రాళ్ళు బతిమాలి ఒక పూటకి గేటు తీయించుకుని మేకులు ఏరితే పావు బస్తా అయ్యాయి. ఆ మేకుల బస్తా ఇప్పటికీ నా షాపు వెనకాల ఉంది, ఎవరైనా చూడాలనుకుంటే రండి.

నాలుగో అర్జీ అప్పుడు ఒక అధికారి చాలా మర్యాదగా మాట్లాడారు. కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. "మినీ స్టేడియానికి ప్రపోజల్ పెడదామండీ" అన్నారు. సార్, మంచి మనసుతోనే అన్నారని తెలుసు, కానీ మేం స్టేడియం అడగలేదు. స్టేడియం అంటే ప్రపోజలు, ఎస్టిమేటు, టెండరు, శంకుస్థాపన, ఆ తర్వాత పునాదిలో మొలిచే జిల్లేడు మొక్కలు. అంతలో ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లాడికి పెళ్ళైపోతుంది. ఆటకి ఎంత జాగా కావాలో సెంట్లలో చెబుతాను, మనకి అర్థమయ్యే లెక్క అదే కదా. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు, అంటే 3 సెంట్ల పైచిలుకు. వాలీబాల్ కోర్టు 18కి 9, నాలుగు సెంట్లు. ఖోఖో 27కి 16, పదకొండు సెంట్లకి కాస్త తక్కువ. చుట్టూ పరిగెత్తే ఖాళీ వదులుకున్నా ఈ మూడూ అరెకరంలో పడతాయి. పూర్తి 400 మీటర్ల ఎనిమిది లేన్ల ట్రాక్ కావాలంటే నాలుగెకరాలు ఉండాలి, మాకంత లేదు, అడగం కూడా. 200 మీటర్ల రౌండు గీసుకుంటే ఎకరం చాలు. ఎనిమిది రౌండ్లు తిరిగితే 1600 మీటర్లు. ఇదంతా మాకిప్పటికే ఉంది, గేటు అవతల ఉంది.

తాళం వల్ల ఊళ్ళో ఏమవుతోందో నా షాపులో కూర్చుని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

1. మా జిల్లాలో ఇంటర్ అయిన కుర్రాడిని ఏం చేస్తున్నావని అడిగితే సగం మంది చెప్పేది ఆర్మీ లేదా పోలీసు. ఫ్యాక్టరీలు ఎన్నున్నాయో, వానాకాలం పంట తప్ప రెండో పంట ఎంతమందికి పండుతుందో మీకు తెలియంది కాదు. ఏపీ కానిస్టేబుల్ ఈవెంట్లలో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, ఆడవాళ్ళకి 10 నిమిషాల 30 సెకన్లు. రాత పరీక్షకి వీళ్ళు శ్రీకాకుళంలోనో వైజాగ్‌లోనో కోచింగ్‌కి అప్పు చేసి ఫీజు కడతారు. పరుగుకి మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకి హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ప్రాక్టీసు, చీకట్లో, లారీల లైట్లకి కళ్ళు మూసుకుంటూ. కిందటి చలికాలం మంచులో ఒక కుర్రాడిని పాల ఆటో గుద్దింది. కాలికి రాడ్డు వేశారు. ప్రిలిమ్స్ పాసయ్యాడు వాడు. ఈవెంట్ల రోజు మంచం మీద ఉన్నాడు. వాళ్ళ నాన్న తాపీ పనికి హైదరాబాద్ వెళ్ళిన మనిషి, కొడుకు కోసం తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాడు, ఈసారి ఆసుపత్రి అప్పు తీర్చడానికి. ఆ కుర్రాడి ఇంటి నుంచి గ్రౌండుకి మూడు నిమిషాల నడక.

2. ఆడపిల్లలు. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. మగపిల్లలు రోడ్డు మీదైనా, చెరువు గట్టు మీదైనా, కోత కోసిన మడిలోనైనా ఆడేస్తారు. ఆడపిల్లకి ఆ వీలు లేదు. పొద్దున్నే ట్రాక్ ప్యాంటు వేసుకుని రోడ్డెక్కితే టీ కొట్టు దగ్గర పది జతల కళ్ళు. గ్రౌండు తెరిచున్న రోజుల్లో సాయంత్రం పదిహేను ఇరవై మంది అమ్మాయిలు ఖోఖో ఆడేవారు, పీఈటీ మేడమ్ ఒకావిడ స్కూలు అయ్యాక కూడా ఉండి ఆడించేది. అమ్మలు గోడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు, అదే పిల్లలకి ధైర్యం. ఆవిడ బదిలీ మీద వెళ్ళింది, గేటు పడింది, ఇప్పుడు ఆ ఇరవై మందిలో ఆట ఆడుతున్నది నాకు తెలిసి ఒక్కతే, అదీ మేనమామ ఊళ్ళో ఉండి. ప్రతి ఉపన్యాసంలోనూ మనం కరణం మల్లీశ్వరి పేరు చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట ఆడపడుచు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయింది. పక్క జిల్లా విజయనగరంలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల్లో మూడో స్థానంలో నిలిచింది, మొదటి స్థానం వచ్చిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఒక పల్లె నుంచి ఒకరి తర్వాత ఒకరు వెయిట్ లిఫ్టర్లు ఎలా వస్తున్నారని అడిగితే, పెద్దవాళ్ళు ఎత్తుతుంటే చిన్నవాళ్ళు చూస్తారు, చూసినవాళ్ళు రేపు ఎత్తుతారు, అంతే. మా ఊళ్ళో చిన్నపిల్లలకి చూడ్డానికి గేటు ఊచలు ఉన్నాయి.

3. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు. డాక్టరు నడవమంటాడు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లలకైతే రోజుకి గంట. మా అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. రోడ్డు మీద బైకుల భయానికి ఇంట్లోనే హాల్లో అటూ ఇటూ తిరుగుతుంది. పదకొండు అడుగుల హాలు.

4. చిన్నపిల్లలు గోడ దూకుతున్నారు. దూకకుండా ఉంటారా మరి? ఇద్దరికి చేతులు విరిగాయి. దూకనివాళ్ళు నా షాపు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఆటలాడుతున్నారు, ఎందుకంటే నా వైఫై పాస్‌వర్డ్ ఎలాగో కనిపెట్టేశారు. మార్చలేదు నేను. మార్చితే ఇంకెక్కడికి పోతారు?

5. తాళం వేసింది తాగుబోతుల కోసమే కదా, వాళ్ళ సంగతి వినండి. గ్రౌండు తెరిచి ఉన్నప్పుడు, వాలీబాల్ కుర్రాళ్ళు చందాలేసుకుని రెండు లైట్లు పెట్టుకుని రాత్రి ఎనిమిది దాకా ఆడుతున్నప్పుడు, తాగేవాళ్ళు చెరువు గట్టుకి పోయేవారు. పదిమంది ఆడుతున్న చోట కూర్చుని ఎవడు తాగుతాడు? ఇప్పుడు లోపల చీకటి, మనిషి లేడు, రోడ్డు మీద నుంచి కనపడకుండా గోడ ఒకటి. వాళ్ళకి ఇంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు. గోడ దూకడం పదేళ్ళ పిల్లాడికే వచ్చు, ముప్పై ఏళ్ళవాడికి రాదా. సీసా పెంకులు ఇదివరకటి కంటే ఎక్కువయ్యాయని స్కూల్లో ఊడ్చే అమ్మ చెబుతుంది, అడగండి.

6. సంక్రాంతి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినవాళ్ళు, చేపల వేటకి గుజరాత్ వెళ్ళినవాళ్ళు, సరిహద్దులో ఉద్యోగం చేస్తున్న జవాన్లు ఏడాదికి ఆ నాలుగు రోజులే కనిపిస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ, మూడు రోజులూ కబడ్డీ, వాలీబాల్. ఈ వీధి ఆ వీధి, ఈ కులం ఆ కులం అని మాట్లాడుకోనివాళ్ళు కూడా ఒక జట్టులో చెయ్యి చెయ్యి పట్టుకుని కూత పెట్టేది ఆ మూడు రోజులే. కిందటి సంక్రాంతికి పర్మిషన్ కోసం పన్నెండు రోజులు తిరిగాం. చివరికి ఊరి బయట ఒక రైతు కోత అయిన మడి ఇచ్చాడు. మోళ్ళు పాదాలకి గుచ్చుకుంటుంటే ఆడారు. ఆ రైతు పేరు కూడా రాయను, కానీ మా దృష్టిలో ఆ ఏడాది క్రీడాశాఖ ఆయనే.

ఇక్కడ చిన్న పక్కమాట. విజయనగరంలో విజ్జీ పేరుతో స్టేడియం ఉంది, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ ఆయన. రాజుగారి బిడ్డ, ఆయనకి గ్రౌండు వెతుక్కునే అవసరం రాలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి ఏ రాజకుమారుడూ కాదు, తాలింఖానాలో కసరత్తు చేసి మల్లయోధుడైనవాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నాడని మా తాత చెప్పేవాడు. ఆ తాలింఖానాకి తాళం వేసి ఉంటే మా తాతకి చెప్పడానికి కథ లేదు.

ఇదంతా మీ దయ మీద ఆధారపడ్డ విషయం కూడా కాదని సవినయంగా చెబుతున్నాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్కూలుకి గదులు, మరుగుదొడ్లు, తాగునీరుతో పాటు ఆటస్థలం ఉండాలని రాశారు. రాజ్యాంగం 12వ షెడ్యూలు పట్టణాల్లో పార్కులు, ఆటస్థలాలు చూసుకోవడం మున్సిపాలిటీల పనుల్లో చేర్చింది. 2005 ఉపాధి హామీ చట్టం పనుల జాబితాలో పల్లెల్లో ఆటస్థలాల పనిని కూడా చేర్చారు. 2023 డిసెంబరులో సచివాలయాల స్థాయి నుంచి రాష్ట్రమంతా ఐదు ఆటల్లో పోటీలు పెట్టారు, కిట్లు పంచారు. ఆ పార్టీ మంచిదా ఈ పార్టీ మంచిదా అన్నది నా గొడవ కాదు. నేను అడిగేది ఒక్కటే, కిట్టు ఇచ్చాక ఆడే చోటుకి తాళం ఎందుకు?

ఇక మా డిమాండ్లు. విన్నపాలు అని ఐదుసార్లు రాశాం, ఈసారి డిమాండ్లు అనే రాస్తున్నాను, కోపగించుకోకండి.

1. పొద్దున్న 5 నుంచి 8 వరకూ, సాయంత్రం స్కూలు వదిలినప్పటి నుంచి రాత్రి 8 వరకూ, సెలవు రోజుల్లో రోజంతా గ్రౌండు తెరవాలి. ఈ వేళలు గేటు మీద పెయింటుతో రాయించాలి. నోటీసు కాగితం వద్దు, అది వానకి పోతుంది.

2. స్కూలు బిల్డింగుకీ గ్రౌండుకీ మధ్య ఫెన్సింగ్ వేయండి. గదులు, వంటశాల లోపల భద్రంగా ఉంటాయి. స్కూలు పెద్దాయన భయం తీరుతుంది, ఆయన మీద నింద రాదు. ఆ ఫెన్సింగ్‌కి స్తంభాలు మేమే చందా వేసుకుని తెస్తాం అని రెండో అర్జీలోనే రాశాం, దానికీ జవాబు లేదు.

3. తాళం చెవి ముగ్గురి దగ్గర ఉండాలి. ఒకటి స్కూల్లో, ఒకటి పంచాయతీలో, ఒకటి ఆడేవాళ్ళ తరఫున. ఆ మూడోది ఒక మహిళకి ఇవ్వండి. ఎవరు తీశారు, ఎవరు వేశారు అని రిజిస్టరు పెడతాం, పుస్తకం నేనిస్తాను.

4. గ్రౌండుని మీటింగుకో ఎగ్జిబిషన్‌కో ఇస్తే ముందు డిపాజిట్ కట్టించుకోండి. గుంతలు పూడ్చి, మేకులు ఏరి, చెత్త ఎత్తాకే తిరిగివ్వండి. వసూలైన అద్దె గ్రౌండుకే ఖర్చు పెట్టండి, ఆ లెక్క గ్రామసభలో చదవండి.

5. నాలుగు లైట్లు, ఒక కుళాయి, ఆడవాళ్ళకి ఒక మరుగుదొడ్డి, లాంగ్ జంప్ గొయ్యిలో ఇసుక. వంశధార పక్కన ఉండి ఇసుక కోసం అర్జీ పెట్టుకోవాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

6. గ్రౌండులో మూల ఖాళీగా ఉంది కదా అని ట్యాంకో గోడౌనో ఇంకో ఆఫీసో కట్టకండి. ట్యాంకు మంచిదే, ఆఫీసూ మంచిదే. ఒక్కొక్క మంచి పని ఒక్కొక్క మూల తినేస్తే మిగిలేది నడుమ గోలీలు ఆడుకునే చోటు.

మా వైపు నుంచి ఏం చేస్తామో కూడా రాసిస్తున్నాం. ఆదివారం ఆదివారం శుభ్రం చేస్తాం. సున్నం గీతలు, నెట్టు, స్తంభాలు మావి. రాత్రి ఎనిమిదికి గేటు వేసి తాళం లాగి చూసే బాధ్యత వంతులవారీగా పన్నెండు మంది తీసుకున్నారు, ఆ జాబితా ఐదో అర్జీకి జత చేశాం. లోపల ఏ కుళాయి విరిగినా మేమే వేయిస్తాం.

కిందటి సోమవారం అర్జీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాతో ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడిన మనిషి, ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తాడు. క్యూలో రెండు గంటలు నిలబడి, బయటకొచ్చాక నన్నడిగాడు, "ఏటి బావూ, తాళం తియ్యమనడానికి ఇంతమంది సంతకాలెందుకు? వేసినప్పుడు ఎవరి సంతకం తీసుకున్నారు?" అని. నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఆయనకి చెప్పండి, రోజూ సాయంత్రం ఐదింటికి గేటు ముందు అరుగు మీదే కూర్చుంటాడు.

వచ్చే సోమవారం ఆరో అర్జీతో మళ్ళీ వస్తాం. ఈసారి ఇదివరకు ఖోఖో ఆడిన అమ్మాయిలు కూడా వస్తామంటున్నారు, యూనిఫామ్‌లో కాదు, ఆట డ్రెస్సుల్లో. ఇంకో సంగతి కూడా మీ చెవిన వేస్తున్నాను. బస్టాండు దగ్గర యాభై రూపాయలిస్తే ఎలాంటి తాళానికైనా మారు చెవి చేసిచ్చే మనిషి ఉన్నాడు. కుర్రాళ్ళు ఏడాది నుంచి అడుగుతున్నారు, వద్దని ఆపుతున్నది నేనే.

ఇట్లు,
గ్రౌండు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్న ఒక పాత వాలీబాల్ ఆటగాడు